బావి గట్టు మీద తేదీ

కోలారు బంగారు గనుల ప్రాంతం ఊరిగాంలో, పాత కంపెనీ కార్మికుల ఇళ్ళ లైన్ల వెనక పారే దాన్ని వాగు అనడం మర్యాదకే. పాయిఖానాల నీళ్ళు, సబ్బు నీళ్ళు, మాంసం కొట్టు కడిగిన నీళ్ళు అన్నీ అందులోకే వచ్చిపడి, ఏ శుద్ధీ లేకుండా పోయి పాలారు నదిలో కలుస్తాయి. ప్రతి సోమవారం ఆ నీళ్ళను సీసాల్లో పట్టి, ఐసు పెట్టెలో పెట్టి బెంగళూరు ల్యాబుకు పంపడం నా ఉద్యోగం. జనం మంచాన పడకముందే జబ్బు తాలూకు వైరస్ జాడ మురుగునీళ్ళలో దొరుకుతుందట. చేరిన రోజు ఆ మాట విని పొంగిపోయాను. ముళబాగిలులో ఉన్న మా అమ్మకు ఫోన్ చేసి, ఇకమీదట రోగం కంటే ముందు నీ కూతురే పోయి నిలబడుతుందని గొప్పలు కూడా పోయాను.

మొత్తం ఆరు చోట్ల నీళ్ళు పట్టాలి. ఐదు వాగులో, ఆరోది వాగుకు పది అడుగుల దూరంలో ఉన్న బావి. పట్టిన ప్రతి చోటా రాతి మీద సుద్దముక్కతో ఆనాటి తేదీ, నా పేరులోని మొదటి అక్షరం రాసి ఫోటో తీసి పంపాలి. లేకపోతే నేను ఇంట్లో కూర్చుని కొళాయి నీళ్ళు పట్టానేమోనని పైవాళ్ళకు అనుమానం. వానల్లేని రోజులు. బావి గట్టు మీద నా గుండ్రటి అక్షరాలు వారం వారం ఒకదాని కింద ఒకటి చేరాయి.

బావికి ఎదురిల్లు సెబాస్టియన్ తాతది. గని మూసేదాకా భూమి లోపల పనిచేసిన మనిషి. నన్ను చూడగానే స్టూలు బయట వేసేవాడు. మనవరాలు ప్రిన్సీ టీ తెచ్చేది. ఆమె భర్త ఫ్రాంక్లిన్ తెల్లవారుజామున రైలెక్కి బెంగళూరు పనికి పోయేవాడు. నేను చేరేటప్పటికి ప్రిన్సీకి ఐదో నెల. కడుపు మీద చెయ్యి వేసుకుని నా సీసాలను చూసి నవ్వేది.

"ఈ కంపు నీళ్ళను ఐసులో పెట్టి మోస్తా ఉండావే అక్కా, ఐస్‌క్రీం మాదిరి."

మొదటి రోజే తాత నాకు చెప్పాడు. "ఈ బాయి నీళ్ళు గిన్నెలు కడిగేదానికే అమ్మా. తాగేది కొళాయి నీళ్ళే." ఆ ఒక్క మాటను మూట కట్టుకుని నేను నిశ్చింతగా ఉండిపోయాను. మళ్ళీ అడగాలని తోచలేదు.

పదో వారం మా సూపర్‌వైజర్ మోహన్‌కుమార్ సార్ ఫోన్ చేశాడు. ఆరో నంబరు, అంటే బావి నీళ్ళ శాంపిల్‌లో హెపటైటిస్ ఇ జాడ దొరికింది. కామెర్ల వైరస్. మామూలు మనుషులకు చాలావరకు అదే వచ్చి అదే పోతుంది. నెలలు నిండుతున్న గర్భిణి అయితే ప్రాణం మీదికి వస్తుంది.

"సార్, ఆడ ఒక అమ్మాయి కడుపుతో ఉండాది. పోయి చెప్పేదా?"

"ఒక్క శాంపిలే గదమ్మా. ఇంగోసారి తీసి పంపించు. కన్‌ఫర్మ్ అయినాంక పైనుంచే చెప్తారు. నువ్వు నోరు తెరిస్తే జనం బెదిరిపోతారు, మన మీదికొస్తారు."

నోరు మూసుకున్నాను. వాళ్ళు తాగడం లేదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అసలు సంగతి, నాది కాంట్రాక్టు ఉద్యోగం. భయపడ్డాను. మరుసటి సోమవారం అదే స్టూలు మీద కూర్చుని, ప్రిన్సీ ఇచ్చిన టీ తాగి, గట్టు మీద తేదీ రాసి వచ్చాను. ఆ పై వారమూ అంతే.

మూడో సోమవారం స్టూలు లేదు. తలుపుకు తాళం. పక్కింటి ఎస్తరమ్మ చెప్పింది, ప్రిన్సీ కళ్ళు పచ్చబడితే కోలారు ఆసుపత్రికి తీసుకుపోయారని.

శాంపిళ్ళ సంగతి మరచి బస్సెక్కాను. వరండాలో గోడకు ఆనుకుని తాత కింద కూర్చుని ఉన్నాడు.

"తాతా, బాయి నీళ్ళు తాగేది లేదని మీరే గదా చెప్పినారు?"

"అప్పుడు తాగలేదమ్మా. కొళాయి రాను రాను నిలిచిపోయె. నువ్వు తేదీలు వేసేది చూసినాంకనే తాగినాం."

నాకు అర్థం కాలేదు.

"గనిలో మేము దిగకముందు మేస్త్రీ పోయి పైకప్పు తట్టి చూసి, రాతి మీద సుద్దతో తేదీ, పేరు రాసేవాడు. రాసుంటే ఆ పొద్దు ఆడ పని చెయ్యొచ్చు. లేకుంటే అడుగు పెట్టేదే లే. ముప్పై ఏండ్లు ఆ రాతను నమ్మి బతికినాను. నువ్వూ వారం వారం రాస్తివి. నేనే చెప్పినాను పాపకు, తాగు తల్లీ, చూసి పాస్ చేసినారు అని."

ఆయన గొంతులో నా మీద కోపం లేదు. ఉంటే బాగుండేది. నాకు ముందే తెలుసునని చెప్పకుండానే లేచి బస్సుకు నడిచాను.

గురువారం ప్రిన్సీ పోయింది. కడుపులో బిడ్డా దక్కలేదు. ముందే చెప్పి ఉంటే బతికేదా అని ఒక డాక్టరును అడిగాను. చెప్పలేమన్నాడు. నేను చెప్పలేదన్నది మాత్రం నిజం.

తర్వాతి సోమవారం పొద్దున్నే ఆఫీసు నుంచి ఫోనుకు మెయిల్ వచ్చింది. ఆరో నంబరు నిర్ధారణ అయింది, తగిన చర్యల కోసం పైకి పంపుతున్నాము అని. తడిగుడ్డ తీసుకుని పోయి గట్టు మీద నా తేదీలన్నీ తుడుస్తుంటే తాత వచ్చాడు. చెయ్యి చాపాడు. సుద్దముక్క ఇచ్చాను. తుడిచిన చోట అడ్డంగా పెద్ద ఇంటూ గుర్తు గీశాడు.

"గని లోపల ఇట్లా గీస్తే ఎవురూ పోరు" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "నీకెప్పుడు తెలిసిందమ్మా?"

"నెల కావస్తా ఉండాది తాతా."

ఆయన సుద్దముక్క నా అరచేతిలో పెట్టి, లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు.

ఎస్తరమ్మ బిందె తీసుకుని వచ్చింది. ఆమె మొగుడూ గనిలో పనిచేసినవాడే. ఆ గుర్తు ఏమిటో ఆమెకు నేను చెప్పక్కరలేదు. అయినా చెప్పాను. ఈసారి అన్నీ చెప్పాను, తాగవద్దని చేతులు పట్టుకున్నాను.

"సరేనమ్మా, తాగము. యాడుండాయి ఇంగ నీళ్ళు, చెప్పు?"

ఆమె చేతులు విడిపించుకుని చేద బావిలోకి వదిలింది. ఆ వారం శాంపిల్ నేను ఇంకా పట్టలేదు. చేద పైకొస్తే పట్టుకుందామని, సీసా మూత తీసి ఆమె వెనక నిలబడ్డాను.