చలికాలంలో పెట్టాల్సిన మంట

అటవీ శాఖ ఆఫీసుల్లో కూర్చున్న పెద్దమనుషులారా, అడవిని ఈ గతికి తెచ్చింది మీరే. ఏళ్ల తరబడి చిన్న మంట కనబడినా ఆర్పించారు. రాలిన ఆకు, ఎండిన పొద కాలక మోకాలెత్తున పేరుకున్నాయి.

కొండ కిందే మా వదిన ఇల్లు. పోయిన చలికాలం కాళ్లావేళ్లా పడితే ఒక్క వాలు కాల్చడానికి అనుమతిచ్చారు. నేల చెమ్మ ఆరకముందే, గాలికి ఎదురు పాకేలా సన్నటి మంట పెట్టాం.

నీళ్ల పైపు పట్టుకున్న వదిన ఊరుకోలేదు. "ఇల్లు కాపాడమంటే కొంపకి నిప్పెడతావేంటయ్యా మరిదీ?"

"తిట్టు వదినా, పైపు మాత్రం వదలకు."

"రెండూ చేస్తాలే."

ఎండాకాలం అసలు మంట వచ్చింది. చెట్ల తలలు అంటుకుంటూ కొండ దిగింది. మేం కాల్చిన చోట దానికి మేత దొరకలేదు. నేలబారుకి పడిపోతే పచ్చికొమ్మలతో కొట్టి ఆర్పేశాం. వదిన ఇల్లు నిలిచింది.

అవతలి వాలు కింద నలభై ఇళ్లున్నాయి. మమ్మల్ని పిచ్చోళ్లన్న ఆ ఇళ్లవాళ్లే ఇప్పుడు కత్తులు పట్టుకొచ్చి పొదలు నరుకుతున్నారు. మళ్లీ చలి వచ్చింది, ఎక్కువ రోజులుండదు. ఆ వాలు కూడా కాల్చే అనుమతి మీద ఈ వారమే సంతకం పెట్టండి. పెట్టి, బూట్లేసుకుని మీరూ కొండెక్కండి.