ఎర్ర దారాలు పోయిన ఫొటో

మామయ్య పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని కోడలికి పెళ్ళైన కొత్తలోనే తెలిసిపోయింది. ఆయన కృత్రిమ కళ్ళు తయారుచేస్తాడు. జనం గాజు కన్ను అంటారు గాని అది గాజు కాదు, గట్టి ప్లాస్టిక్. పోయిన కంటి స్థానంలో పెట్టుకోవడానికి, ఉన్న కంటికి సరిజోడుగా, ఒక్కొక్కటీ చేత్తో రంగులేసి చేస్తాడు. తెల్లగుడ్డు మీద వెంట్రుకకన్నా సన్నటి ఎర్ర పట్టుదారాలు పరిచి, పైన మెరుగుపూత పూస్తాడు. ఆ దారాలే నరాలు. అవి లేని కన్ను బొమ్మకన్నేనని ఆయన సిద్ధాంతం. కాదనే ధైర్యం ఇంతవరకూ ఎవరూ చేయలేదు.

ఆ పనికి ఒక వెబ్‌సైట్ ఉండాలని పట్టుబట్టి తయారుచేసింది కోడలు. కిటికీ పక్క బల్ల మీద ఆయన కుంచెలు, భూతద్దం. మూల టేబులు మీద ఆమె ల్యాప్‌టాప్. మధ్యలో సొరుగుల నిండా రకరకాల కళ్ళు. ఆ గదిలో ఎటు తిరిగినా ఎవరో చూస్తున్నట్టే ఉంటుంది. కొత్తలో ఆమె బెదిరేది. ఇప్పుడు తెరిచి ఉన్న సొరుగును మోచేత్తో తోసేసి తన పని తాను చూసుకుంటోంది.

ఒకరోజు ఎక్కడో దూరపు ఊరి నుంచి ఒక టీచరు మెసేజి పెట్టింది. ప్రమాదంలో ఆమెకు ఒక కన్ను పోయింది. అప్పటినుంచీ నల్లద్దాలు పెట్టుకుని ఇంట్లోనే ఉంటోంది. బడి తెరుస్తున్నారు, వస్తారో రారో తేల్చి చెప్పమని హెడ్‌మాస్టరు అడిగాడట. "మీ సైట్లో ఫొటోలు చూశానండీ. బొమ్మకళ్ళలా ఉన్నాయి. పిల్లలు జడుసుకుంటారు. అంతదూరం వచ్చి ఏం లాభం? రాజీనామా రాసేద్దామనుకుంటున్నాను" అని రాసింది.

కోడలు అది పైకి చదివింది. మామయ్య కుంచె కింద పెట్టాడు.

"ఏమందీ? బొమ్మకళ్ళా?"

వచ్చి ల్యాప్‌టాప్ తెరకే భూతద్దం ఆనించాడు.

"ఎర్ర దారాలేవమ్మా?"

"ఉన్నాయి కదా మామయ్యగారూ, ఇదిగో, ఇక్కడ ఎర్రగా..."

"ఇది దారం కాదు, కళ్ళకలక."

నిజమే. దారాలన్నీ కలిసిపోయి గుడ్డంతా గులాబీరంగు మరక అయింది. ఫొటోలన్నీ తాను జేపెగ్ అనే రకం ఫైళ్ళుగా పెట్టానని, సైటు త్వరగా తెరుచుకోవాలని వాటిని బాగా కుదించానని కోడలు ఒప్పుకుంది.

"మనిషి కంటికి వెలుగునీడలు తెలిసినంతగా సన్నటి రంగు తేడాలు తెలియవని దాని లెక్కండీ. అందుకే ముందు రంగుల్లో కోత పెడుతుంది."

"ఆ సన్నటి తేడాల మీదే కదా మన పొయ్యి వెలుగుతోంది! కోత పెట్టని రకం లేదా?"

"ఉంది, పీఎన్‌జీ. చుక్క కూడా పోదు. కానీ బరువు."

"నువ్వేమైనా నెత్తిన పెట్టుకుని మొయ్యాలా? అన్నీ అందులోకి మార్చెయ్."

తొందరలో కోడలు ఆ కుదించిన జేపెగ్‌లనే తెరిచి, పీఎన్‌జీలుగా దాచేసింది. చెరకు పిప్పిని వెండిపళ్ళెంలో పెడితే రసం ఊరుతుందా? ఫొటోల బరువు పెరిగింది, పోయిన దారం ఒక్కటీ తిరిగి రాలేదు. పైగా సైటు మొరాయించింది. టీచరు ఊళ్ళో సిగ్నల్ అంతంతమాత్రం. "తెల్లటి పేజీ తప్ప ఏమీ రావట్లేదండీ" అని రాసింది. వ్యవహారం రెంటికీ చెడ్డ రేవడి అయింది.

కోడలు నాలిక్కరుచుకుని, కెమెరా కార్డులోని అసలు ఫొటోలు బయటికి తీసింది. వాటిలోంచి ఒకే ఒక్క కన్నును పీఎన్‌జీ చేసి పంపింది. ఈసారి దారం దారం లెక్కపెట్టుకోవచ్చు. మామయ్య మీసాల్లో నవ్వుకున్నాడు.

జవాబు వచ్చింది: "నరాలు కనిపిస్తున్నాయి. ఇంకా ఎక్కువ భయమేసింది. మొహం లేని కన్ను కదండీ."

మామాకోడళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నల్ల మఖ్మలు గుడ్డ మీద కన్నొక్కటే పెట్టి ఫొటో తీయడం ఆ ఇంటి అలవాటు. పొద్దస్తమానం కళ్ళను అలాగే చూసేవాళ్ళకు, మిగతా లోకం వాటిని మొహంలో చూస్తుందన్న సంగతే తట్టలేదు. పోనీ మొహాల ఫొటోలు పెడదామంటే ఎవరిస్తారు? నలుగురికీ తెలియకూడదనే కదా ఆయన దగ్గరికి వచ్చేది.

వెనకగది గుమ్మంలో అత్తయ్య నిలబడి ఉంది. తయారైన కళ్ళకు మెరుగు పెట్టేది ఆమే. ఆమెకు చిన్నప్పుడే ఒక కన్ను పోయింది. ఇప్పుడున్నది మామయ్య చేసింది. బయటివాళ్ళకు ఆ సంగతి తెలియదు, ఇంట్లో ఎవరూ ఎత్తరు. కెమెరా బయటికి తీస్తే చాలు, ఆమెకు వంటింట్లో ఏదో పని గుర్తొస్తుంది.

"నన్ను తియ్యవే అమ్మాయ్" అంది.

"నీకెందుకే ఇప్పుడు ఇదంతా?" మామయ్య గొంతు తగ్గింది.

"అవతల పిల్ల ఉద్యోగం వదులుకుంటానంటోంది. మొహం దాచుకుని ఇంట్లో కూర్చోవడం ఎలా ఉంటుందో మీకేం తెలుసు? నాకు తెలుసు."

ఆయన తన బల్లను కిటికీ పక్కనుంచి జరిపాడు. కోడలు ఆమెను కిటికీ ఎదుట కూర్చోబెట్టింది. అత్తయ్య చేతులు పైట చాటున పెట్టుకుంది. ఆమె నవ్వడానికి చాలాసేపే పట్టింది.

"పీఎన్‌జీ చెయ్యి" అన్నాడు మామయ్య.

"వద్దండీ. మొహానికి జేపెగే సరి. మెత్తటి నీడలు అందులో బాగా వస్తాయి, అందరి ఫోన్లలో తేలిగ్గా తెరుచుకుంటుంది. కాకపోతే కోత తక్కువ పెడతాను. మీ దారాల ఫొటోలు వేరే పేజీలో ఉంచుదాం, కావలసినవాళ్ళు తెరుచుకుంటారు."

ఆయన మళ్ళీ భూతద్దం ఆనించాడు. తాను పరిచిన దారాలు కనిపించలేదు. మొహం మాడ్చుకుని పక్క కన్ను చూశాడు. అందులోనూ నరాలు కనిపించలేదు.

"రెండూ ఒకలాగే ఉన్నాయి" అన్నాడు ఎవరితోనో అన్నట్టు. కోడలికి ఆయన మీద మొదటిసారి ముచ్చటేసింది.

ఫొటో వెళ్ళింది. "ఈమె మా అత్తగారు. ఒక కన్ను మామయ్యగారు చేసింది" అని కింద రాసింది కోడలు. జవాబు వెంటనే వచ్చింది.

"ఏదండీ?"

కోడలు టైపు చేయబోతుంటే అత్తయ్య చెయ్యి పట్టుకుని ఆపింది. ఎవరైనా తేరిపార చూస్తారేమోనని ఇన్నేళ్ళూ తల తిప్పుకుని బతికిన మనిషి. ఆ ఒక్క మాటనే మళ్ళీ చదివించుకుంది. కన్ను నిండింది.

"చెప్పకు. వచ్చి కనుక్కోమను."

కోడలు అలాగే రాసి పంపింది. టీచరు మెసేజి వచ్చింది: "సరే, బడి తెరిచేలోగా వస్తున్నాను. ఎడమదని నా పందెం."

ఎడమ కన్ను అత్తయ్య పుట్టుకతో తెచ్చుకున్నది.