పెళ్లికాని తలగుడ్డ

"పిన్నమ్మా, మీ జాయిస్‌కి పెళ్లెప్పుడు చేశారు? మాకు చెప్పనే లేదే!"

ఆటో నడిపే పీరా ఆదెమ్మతో వేళాకోళంగానే అన్నాడు. జగ్గయ్యపేటకి కిరాయికెళ్తే, జాయిస్ తలకి గుడ్డ చుట్టుకుని, తను పాఠాలు చెప్పే స్కూల్లోకి వెళ్తూ కనిపించిందట. "అచ్చం నీలాగే కట్టింది."

పీరాది పక్క వీధే. వాళ్ల పద్ధతి తెలిసినవాడే. నందిగామలో చర్చి మానేసి యూదుల ఆచారం పట్టుకున్న నాలుగిళ్లలో ఆదెమ్మది ఒకటి. వాళ్లలో తాళి కట్టరు. పెళ్లయిన మర్నాటి నుంచి ఆడది తల కప్పుకుంటుంది. పెళ్లికాని పిల్ల సరదాకైనా కట్టదు.

ఆ సాయంత్రం కూతురు జడ విప్పుకుంటుంటే ఆదెమ్మ వెనక నిలబడి చూసింది. చెవుల పైన జుట్టు అణిగిపోయి ఉంది.

"పేటలో ఎండగా ఉందా?"

"రోజూ ఉండేదేగా."

"ఎవరన్నా కలిశారా?"

"ఎవరమ్మా?"

ఆ ఎదురు ప్రశ్నతో ఆదెమ్మకి అనుమానం పెరిగింది. ఫోనొస్తే పిల్ల పెరట్లోకెందుకు పోతోంది? నిరుడు చూసిన సంబంధం ఎందుకు వద్దంది? ఇన్నాళ్లుగా జరిగినవన్నీ వరసగా గుర్తొచ్చాయి.

మర్నాడు కూతురెక్కిన బస్సు వెనక బస్సులో తానూ బయల్దేరింది. స్కూలు వరండాలో తలగుడ్డతో కనబడ్డ కూతుర్ని చెయ్యి పట్టుకుని గోడవారకి లాగింది.

"ఎవడే వాడు?"

"ఎవడూ లేడమ్మా! పెళ్లికాని వాళ్లయితే సంవత్సరం మధ్యలో మానేస్తారని ఇక్కడ ఉద్యోగంలోకి తీసుకోరంట. పెళ్లయిందని చెప్పా. తాళేదని అడిగారు. మావాళ్లు తల కప్పుకుంటారని చెప్పా."

"అబద్ధానికి కట్టావా దాన్ని? అదీ నన్ను నమ్మమంటావా?"

ఆ గొంతుకి ప్రిన్సిపాల్ ప్రమీలారాణి బయటికొచ్చింది. "జాయిస్ వాళ్ల అమ్మగారా? అల్లుడుగారు రాలేదాండి?"

ఆదెమ్మ కూతురి మొహం మీంచి చూపు తిప్పకుండా అంది: "పిల్లకి పెళ్లి కాలేదండి."

ప్రమీలారాణి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "మీకిష్టం లేని పెళ్లా అమ్మా? అయితే ఆ గొడవ ఇంటి దగ్గర చూసుకోండి. టీచరుగా అమ్మాయితో మాకే ఇబ్బందీ లేదు."

జాయిస్ అవునని తలూపితే చాలు, ఉద్యోగం నిలుస్తుంది.

జాయిస్ ముడి విప్పింది. గుడ్డని నాలుగు మడతలు పెట్టింది. "అమ్మ చెప్పిందే నిజం మేడం. నేనే అబద్ధమాడా."

గంట తిరక్కుండానే తల్లీకూతుళ్లు బస్టాండులో ఉన్నారు.

"ఇప్పుడు నమ్మావా?" అంది జాయిస్.

"నమ్మానే తల్లీ."

"ఉద్యోగం పోతేగాని నమ్మలేదు."

బస్సెక్కాక ఆదెమ్మ కొంగుతో సీటు తుడిచి, జరిగి, పక్కన చోటిచ్చింది. జాయిస్ ఆ చోటు దాటుకుని వెళ్లి ముందు సీట్లో కూర్చుంది. నందిగామ వచ్చేదాకా వెనక్కి తిరగలేదు.