ఊడ్వని ఇల్లు

సాయంత్రం నాలుగింటికి గేటు గొళ్ళెం చప్పుడైంది. కౌసల్యమ్మ బియ్యం చాట పక్కన పెట్టి వాకిట్లోకి వచ్చింది. ఎవరూ లేరు. గొళ్ళెం వేసినట్టే ఉంది. ఇంటి మీదుగా విమానం దిగుతోంది. ఆ రొదకు వంటింట్లో గిన్నెల మూతలు సన్నగా వణికాయి. గొళ్ళెం కూడా ఆ రొదకే కదులుతుందని నాలుగేళ్లుగా తనకు తాను చెప్పుకుంటూనే ఉంది. అయినా ప్రతిసారీ లేచి వస్తుంది. రేఖ వెళ్ళింది నాలుగింటికే.

"ఎవరవ్వా?" లోపలి నుంచి కళ్యాణి అడిగింది.

"ఎవరు లేరు బిడ్డా. గాలి."

కొత్వాల్‌గూడలోని ఆ రెండు గదుల ఇంటికి కళ్యాణి వచ్చి రెండేళ్లయింది. కన్నవాళ్ళు లేని పిల్లల్నీ, ఉన్నా సాకలేని వాళ్ళ పిల్లల్నీ వేరే ఇళ్ళలో కొన్నాళ్ళు ఉంచి పెంచే ఏర్పాటు ఒకటి ఉంది. భర్త మల్లేశ్వర్ ఉన్న రోజుల్లో ఇద్దరూ వెళ్ళి అందులో పేర్లు రాయించుకున్నారు. మొదట వచ్చిన పిల్ల రేఖ. పదకొండేళ్ళప్పుడు వచ్చి మూడేళ్ళు ఉంది. కన్నతల్లి జబ్బు నయమై కుదుటపడిందని అధికారులు వచ్చి తీసుకుపోయారు. ఆ తర్వాత ఒక్క ఫోన్ కూడా లేదు. ఆ ఏడాదే మల్లేశ్వర్ కూడా పోయాడు.

కళ్యాణి వచ్చిన రోజునే బీరువాలో ఒక అర ఖాళీ చేసి ఇచ్చింది కౌసల్యమ్మ. ఆ అర ఇప్పటికీ ఖాళీయే. కళ్యాణి బట్టలు మంచం కింది సంచిలో ఉంటాయి. ఉతికి ఆరేసినవి మడతపెట్టి మళ్ళీ ఆ సంచిలోనే పెట్టుకుంటుంది. జిప్పు మూసి, మూసిందో లేదో చేత్తో తడిమి మరీ చూసుకుంటుంది.

ఆ శనివారం పిల్లల సంక్షేమం చూసే శోభ మేడం వచ్చింది. వికారాబాద్‌లో ఆరునెలల శిక్షణకు కళ్యాణికి సీటు వచ్చింది. దవాఖానలో రోగులను చూసుకునే పని నేర్పుతారు, ఉండడం అక్కడే. సోమవారం పదింటికల్లా చేరాలి, లేకపోతే ఆ సీటు ఇంకొకరికి పోతుంది.

"నేను పోను మేడం," అంది కళ్యాణి.

"మొన్న కాగితం మీద సంతకం పెట్టినప్పుడు పోత అంటివి గద?"

"అప్పుడు సీటు రాదనుకున్న."

శోభకు నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. గేటు దాకా వచ్చాక కౌసల్యమ్మతో గొంతు తగ్గించి చెప్పింది. "మూడు నెలల్ల పద్దెనిమిది నిండుతయమ్మా. చేతిల ఒక పని లేకపోతే మళ్ళ ఎవరో ఒకరి దయ మీద బతకాలె. ఎప్పుడడిగినా నాతోటి కాదంటది. మీరన్న చెప్పండి."

కౌసల్యమ్మ తల ఊపింది. ఆమె లోపల ఎక్కడో ఒక మూల, పోతే పోనీ సీటు, పిల్ల కళ్ళముందే ఉంటుంది అనిపించింది. ఆ మాటకు ఆమెకే భయం వేసింది.

ఆదివారం పొద్దున గడప దగ్గర కూర్చోబెట్టి కళ్యాణికి తల దువ్వుతూ అడిగింది.

"నన్ను జూసి ఆగుతున్నవా ఏంది? నాకేమైతది? ఎదురుంగ నసీమా ఉన్నది, పిలిస్తె పలుకుతది."

కళ్యాణి గడప మీద వేలితో గీతలు గీసింది.

"అవ్వా, నేను పోయినంక నువ్వు ఇల్లు ఊడుస్తవు గద?"

"ఏం మాటనే గది?"

"మా అమ్మను తీస్కపోయినప్పుడు ఊడ్చిన్రు. నాకప్పుడు ఏడేండ్లు. నీళ్ళు కొట్టి ఊడ్చిన్రు. ఎందుకని అడిగితె, ఇగ రాదు గద అన్నరు. తర్వాత జల్‌పల్లిల మా చిన్నమ్మ కొన్ని రోజులు ఉంచుకొని నన్ను పంపిచ్చింది. నేను ఆటో ఎక్కుతుంటె ఎనక చీపురు చప్పుడు. అత్తాపూర్‌ల ఉన్న ఇంట్ల గూడ గంతే. నేనింక మెట్లు దిగుతనే ఉన్న." కళ్యాణి మోకాళ్ళ మీద గడ్డం ఆనించింది. "ఈ ఇంట్ల ఇంక ఇనలే. ఇనొద్దనే పోత లేను."

దువ్వెన జుట్టులోనే ఆగిపోయింది.

ప్రయాణమై వెళ్ళిన మనిషి వెనక ఇల్లు ఊడ్వకూడదని కౌసల్యమ్మకు చిన్ననాటి నుంచీ తెలుసు. శవం లేచిన ఇల్లే ఊడుస్తారు. తెలిసే ఊడ్చింది, రేఖ వెళ్ళిన రోజు. ఊడ్వకపోతే మనిషి తిరిగొస్తుంది. రేఖ తిరిగొచ్చిందంటే ఆ తల్లి మళ్ళీ మంచం పట్టినట్టు, ఆ పిల్లకు మళ్ళీ ఇల్లు పోయినట్టు. వద్దు, తల్లి దగ్గరే నిలదొక్కుకోవాలి అనుకుంది. వాళ్ళు గేటు దాటగానే ఏడుపు దిగమింగుకుని చీపురు అందుకుంది.

అప్పుడే గొళ్ళెం చప్పుడైంది. రేఖ వెనక్కి వచ్చి గేటు తీసి నిలబడింది. ఆమె చేతిలో చీపురు చూసింది. గేటు మెల్లగా వేసి వెళ్ళిపోయింది. ఏం మరిచిపోయి వచ్చిందో అని ఆ తర్వాత కౌసల్యమ్మ ఇల్లంతా వెతికింది. మంచాల కింద, బీరువా వెనక. ఏమీ దొరకలేదు. నాలుగేళ్లుగా అడపాదడపా వెతుకుతూనే ఉంది.

ఇప్పుడు అర్థమైంది, ఆ పిల్ల ఏమీ మరిచిపోలేదని, తనను ఇంకోసారి చూడ్డానికే వచ్చిందని.

"నేను ఊడ్చిన బిడ్డా," అంది. "రేఖ పోంగనే ఊడ్చిన." ఎందుకు ఊడ్చిందో, ఎవరు చూశారో అంతా చెప్పింది. ఇంతవరకు ఎవరికీ చెప్పని మాట అది.

కళ్యాణి వెనక్కి తిరిగి ఆమె ముఖం చూసింది. "ఎందుకు ఊడ్చినవో గా అక్కకు చెప్పలేదా?"

"ఎట్ల చెప్త? పోయింది గద."

ఇంకో విమానం దిగింది.

"నువ్వు పో," అంది కౌసల్యమ్మ. "నువ్వొచ్చేదాంక చీపురు ముట్ట."

"నేను రాకపోతె?"

"ఇల్లు గిట్లనే ఉంటది."

సోమవారం పొద్దున కళ్యాణి పల్లికాయలు వలుచుకుని తింటూ ఆటో కోసం ఎదురుచూసింది. ఆటో వచ్చి మలుపు దగ్గర ఆగాక మంచం కింది సంచి భుజానికి తగిలించుకుని, "పోయొస్త అవ్వా," అని వెళ్ళింది. మలుపు దాకా వెనక్కి తిరిగి చూడలేదు. చెవి మాత్రం ఇటే పెట్టి నడిచినట్టుంది, మెడ బిగబట్టుకుని. లోపల మంచం కోడు పక్కన పల్లికాయల పొట్టు కుప్పగా పోసి ఉంది. పొరపాటున పడింది కాదు. కౌసల్యమ్మ దాన్ని దాటుకుని లోపలికి నడిచింది.

రెండోరోజుకు పొట్టుకు చీమలు పట్టాయి. బయట జరుగుతున్న రోడ్డు పని దుమ్ము గచ్చు మీద పొరలా కూర్చుంది. ఆమె పాదాల గుర్తులే ఆమెకు కనిపించేవి, పొయ్యి దాకా ఒక బాట, గేటు దాకా ఒక బాట. నాలుగింటికి గొళ్ళెం కదిలేది. గేటు దాకా ఉన్న బాటే ఎక్కువ అరిగింది. రోజుకొకసారి చేతులు వాటంతటవే తలుపు మూలకు పోయేవి. గురువారం చీపురు తీసుకెళ్ళి దొడ్లో రేకుల మీద పడేసింది.

ఎదురింటి నసీమా గిన్నె తిరిగివ్వడానికి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏంది కౌసల్యక్కా, ఝాడు దొరకలేదా? నాది ఇయ్యనా?"

"పిల్ల పోయింది గద, ఊడ్వ."

"మా అమ్మీ గూడ ఊడ్వనియ్యకపోతుండె. కానీ ఒక పూట అక్కా, నాలుగు రోజులు కాదు. ఇంకో రెండు రోజులైతే ఇంట్ల జొన్నలు ఎయ్యొచ్చు."

శుక్రవారం ఇల్లెట్లా ఉందో చూసి రాసుకోవడానికి శోభ వచ్చింది. చీర కుచ్చిళ్ళు కాస్త పైకెత్తి పట్టుకుని చుట్టూ చూసింది. "ఒంట్ల బాగలేదా అమ్మా? నేను మనిషిని పంపుతా..."

"బాగనే ఉన్న. ఊడ్వద్దని ఊడ్వలే. రాసుకుంటె రాసుకో మేడం." అన్నాక ఆమెకు తోచింది, ఇంకో పిల్లను ఈ ఇంటికి పంపరేమో. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

ఆదివారం సెలవుకు కళ్యాణి వస్తుందేమోనని చూస్తుంటే పన్నెండయింది, ఒంటిగంటయింది. అన్నం చల్లారింది. కౌసల్యమ్మ పొట్టు కుప్ప పక్కన పీట వేసుకుని కూర్చుంది. రాదేమో. వచ్చే వారమైనా వస్తుందా? మొదటి వారమే సెలవు ఇవ్వరేమో. ఇచ్చినా ఈ రెండు గదుల కోసం ఎవరొస్తారు?

మూడు దాటాక గేటు తీసిన చప్పుడైంది. ఆమె లేవలేదు. నాలుగు కాకముందే మొదలైంది అనుకుంది.

"అవ్వా."

కళ్యాణి గడప మీద నిలబడి ముందు ఆమెను చూడలేదు. మంచం కోడు వైపు చూసింది. పొట్టు అక్కడే ఉంది. కుప్ప కొంచెం చెదిరి, చీమలు సగం మోసుకుపోయి.

"సెలవు ఇయ్యరేమో అనుకున్న," అంది కౌసల్యమ్మ.

"ఇయ్యమనే అన్నరు. మా ఇంట్ల వారం రోజుల చెత్త ఉన్నది, నేను పోతెనే ఊడుస్తరు అన్న. అందరు నవ్విన్రు." కళ్యాణి చెప్పులు విప్పింది. "మీ ఇల్లెక్కడ అంటె కొత్వాల్‌గూడ కౌసల్యమ్మ ఇల్లు అని చెప్పిన. అంతకుముందు ఎవరడిగినా అడ్రస్ చెప్తుంటి, ఇల్లని చెప్పకపోతుంటి."

తలుపు మూల చీపురు లేకపోయేసరికి కళ్యాణి దొడ్లోకి వెళ్ళి, రేకుల మీంచి దాన్ని దించి, పైట నడుముకు దోపి ఊడ్వడం మొదలుపెట్టింది. కౌసల్యమ్మ కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుని ఆ చప్పుడు వింది. ఊడ్చాక కళ్యాణి సంచి తీసి, అందులోంచి రెండు జతల బట్టలు బీరువా అరలో పెట్టింది. మిగిలినవి సంచిలోనే ఉంచి జిప్పు మూసింది.

నాలుగింటికి గొళ్ళెం చప్పుడైంది. ఇద్దరూ తలెత్తారు.

"నేను చూస్త," అని కళ్యాణి వాకిట్లోకి వెళ్ళింది. గేటు తీసి నిలబడి అటూ ఇటూ చూసింది. పైన విమానం దిగుతోంది.

"ఎవరు లేరవ్వా."

"సరే బిడ్డా, రా." కౌసల్యమ్మ పీట మీద నుంచి లేచింది. "గొళ్ళెం మాత్రం ఎయ్యకు."