కత్సుబె వారింటి బూడిద

మా గురువుగారు మిసావో గారు బూడిదను చేత్తో ముట్టుకోవడం నలభై ఒక్క ఏళ్ళలో నేను ఒక్కసారి కూడా చూడలేదు. బద్ధకం అనుకున్నాను. గొప్పింటి పిల్ల, చేతులు పాడవుతాయని భయమేమో అనుకున్నాను. నోటికొచ్చినవన్నీ అనుకున్నాను. అన్నీ తప్పే.

నా పేరు కినుయో. జపాన్‌లో మత్సుయె ఊళ్ళో, కోట కందకం ఒడ్డున, అతిథికి తేనీరు ఇవ్వడాన్ని ఒక విద్యగా నేర్పే కత్సుబె వారి తేనీటి ఇంట్లో వెనకగది మనిషిని. ముందుగదిలో అతిథులు గిన్నె అందుకుని, తిప్పి, తాగి, హాయిగా నిట్టూరుస్తారే, ఆ గిన్నె కడిగి తుడిచేది నేను. నీళ్ళు మోసేది, బొగ్గులు కొలతకి కోసేది, వచ్చినవాళ్ళ చెప్పులు వరసగా తిప్పిపెట్టేది కూడా నేనే. అన్నిటికన్నా ముఖ్యంగా ఆ ఇంటి బూడిద నా చేతిలో ఉండేది.

కుంపట్లో బొగ్గు కింద పరిచే బూడిద సంగతి చెబుతున్నాను. అది మెత్తగా ఉంటేనే నిప్పు నిలకడగా ఉంటుంది. ఏటా ఎండలు ముదిరాక దాన్ని జాడీలోంచి తీసి, నీళ్ళలో కడిగి, తేట వంచి, టీ డికాక్షన్ కలిపి, ఎండబెట్టి, గుడ్డతో జల్లించాలి. పదిరోజుల చాకిరీ. కళ్ళలోకీ ముక్కులోకీ పోయి ప్రాణం తీస్తుంది. మా ఇంట్లో రెండు వందల ఏళ్ళుగా అలా కడుగుతూ వచ్చారు. పిడికిట్లోకి తీసుకుంటే చేతిలో ఏదైనా ఉందో లేదో తెలిసేది కాదు.

పెద్ద గురువుగారు, అంటే మిసావో గారి తల్లి ఇసో గారు, చనిపోయేముందు గిన్నెలన్నీ కూతురికి అప్పజెప్పి, బూడిద జాడీ మాత్రం నా ఒళ్ళో పెట్టారు. ఇది నీదీ కాదు నాదీ కాదు, తర్వాతివాళ్ళ చేతిలో పెట్టి వెళ్ళు అన్నారు. ఆ మాట కోసం ఇజుమో నుంచి వచ్చిన మంచి సంబంధం వదులుకున్నాను. ఎవరైనా ఎందుకని అడిగితే పెళ్ళికొడుక్కి బట్టతల అని చెప్పేదాన్ని.

ఆ బూడిదకి ఒక కథ ఉంది. నేను రాకముందు సంగతి. ఒక జనవరిలో మంచు కురుస్తుండగా ఈ ఇల్లు అంటుకుంది. ఇసో గారు మంటల్లోంచి మొట్టమొదట బయటికి తెచ్చింది బూడిద జాడీని. తేనీటి ఇళ్ళలో అలాగే చెయ్యాలని పెద్దలు నేర్పేవారు. గిన్నెలైతే మళ్ళీ కొనుక్కోవచ్చు కదా. అయిదేళ్ళ కొడుకు కోహే మేడమీద నిద్రపోతున్నాడు. వాణ్ణి అత్తగారు తెచ్చేసిందని ఈవిడ, కోడలు తెచ్చేసిందని ఆవిడ అనుకున్నారు. పిల్లాడు దక్కలేదు. జిల్లా పత్రికవాళ్ళు ఇసో గారి ఫొటో వేసి ఆమె నిష్ఠను పొగిడారు. ఊళ్ళో గురువులంతా కలిసి సన్మానం చేశారు. ఏటా బూడిద కడిగే రోజున కొత్త శిష్యురాళ్ళని చుట్టూ కూర్చోబెట్టుకుని ఈ కథ చెప్పేదాన్ని. గొంతు వణికించి మరీ చెప్పేదాన్ని.

ఇప్పుడు మా ఇంటికి ఊరివాళ్ళకన్నా విహారానికి ఓడల్లో వచ్చేవాళ్ళ రాక ఎక్కువ. సకాయి రేవులో ఓడ ఆగిందంటే బస్సులనిండా తెల్లవాళ్ళు దిగుతారు. పాపం మోకాళ్ళు మడవలేరు, అందుకని బల్లలు వేయించాం. మిసావో గారు వాళ్ళకి ఇంగ్లీషులో తేనీటి తత్వం చెబుతారు. నాకు ఇంగ్లీషు రాదు. అయినా మూడొందలసార్లు విన్నాను కాబట్టి ఆవిడ ఎక్కడ ఆగుతారో, ఎక్కడ కళ్ళు మూసుకుంటారో నిద్రలో అడిగినా చెబుతాను. ఈ కలయిక మళ్ళీ రాదు, దేన్నీ పట్టుకుని వేలాడకండి, వచ్చినదాన్ని వచ్చినట్టే పోనివ్వండి, అదీ వరస. వాళ్ళు తలలూపుతారు. సాయంత్రం గిన్నె అంచు కాస్త బీటువారితే నా మీద ఎగిరిపడేదీ ఈవిడే.

పోయినేడు జర్మనీ నుంచి మరైకె అనే అమ్మాయి విద్య నేర్చుకోడానికి వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి. బాగా పొడగరి, మా గుమ్మాలన్నిటికీ తల కొట్టుకునేది. మా భాష ఇట్టే పట్టేసింది. పని దొంగ కాదు. నా కళ్ళు మసకబారుతున్నాయి. ఊరి పిల్లలెవరూ వెనకగదిలోకి తొంగిచూడరు. ఈ ఎండాకాలం బూడిద దాని చేత కడిగించి, చెయ్యి కుదిరితే జాడీ దానికే అప్పగించాలని మనసులో అనుకున్నాను. నేను చెయ్యవలసిన పని అదొక్కటే మిగిలింది.

జూన్‌లో, మాకు ఎండలకి ముందే వచ్చే ముసురు పట్టిన ఒక మంగళవారం, కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆ రోజు ఓడవాళ్ళకి ఉపన్యాసం ఒక్కటే, నిప్పు పని లేదు. అందుకే చెమ్మ పట్టకుండా కుంపట్లో బూడిద కూడా ముందురోజే జాడీలోకి ఎత్తి మూతపెట్టాను. మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి వెనకగదిలో జాడీ కడిగి, తుడిచి, బోర్లించి ఉంది.

దొడ్డితలుపు తీశాను. హైడ్రాంజియా పొదల కింద బూడిద తెల్లగా పరుచుకుని ఉంది. చినుకు పడ్డచోటల్లా నల్లటి గుంట పడుతోంది. ఎవరినో పిలవాలని నోరు తెరిచాను కానీ ఎవరిని పిలవాలో తోచలేదు.

ముందుగదిలోంచి చప్పట్లు వినిపించాయి. మా ఇంట్లో చప్పట్లు నేనెప్పుడూ వినలేదు. కాసేపటికి ఓడవాళ్ళతో వచ్చిన గైడు ఆవిడ, మా దేశం మనిషే, కళ్ళు తుడుచుకుంటూ వెనకగదికి వచ్చి సంగతి చెప్పింది. రెండు వందల ఏళ్ళ బూడిదని శిష్యురాలు తెలియక పారబోసిందని, ఆ క్షణాన తన మనసు తేలికపడిందని, తేనీటి మార్గమంటే ఇదేనని మిసావో గారు చెప్పారట. ఒక ముసలాయన ఏడ్చేశాడట. మీరు ఎంత అదృష్టవంతులండీ, అలాంటి మనిషి దగ్గర పని చేస్తున్నారు అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆవిడ చేతిలో గొడుగు పెట్టి బస్సు దగ్గరికి పంపించేశాను.

చేట, చేతిపార తీసుకుని వానలోకి దిగాను. బూడిద నీళ్ళతో చెడిపోయేది కాదు. మట్టితో సహా ఎత్తి కడిగితే ఇసక అడుక్కి దిగుతుంది, ఆకులు పైకి తేలతాయి, మధ్యలో బూడిద దక్కుతుంది. వాన పెద్దదయ్యేలోగా ఎత్తాలి, అంతే. వంగి ఎత్తుతుంటే వెనక అడుగుల చప్పుడైంది. మరైకె బకెట్టు పట్టుకుని నిలబడింది. ముఖం పాలిపోయి ఉంది.

"కినుయో గారూ, నేను తెలియక పొయ్యలేదండీ. గురువుగారే చెప్పారు. పాతది, మొక్కలకి వేసెయ్యి అన్నారు. తర్వాత అందరి ముందూ అలా అన్నారు. నాకేదో పాఠం చెబుతున్నారేమో అనుకున్నా."

"పాఠమే. బకెట్టు ఇలా పట్టు," అన్నాను.

ఇద్దరం మోకాళ్ళ మీద కూర్చుని చీకటిపడేదాకా ఎత్తాం. వేళ్ళు వేర్ల మధ్యకి ఎలా పోనివ్వాలో చూపించాను. దాని చెయ్యి మంచిది, తొందర లేదు. ఆ అమ్మాయి మీద నాకు కోపం లేదు. కోపమంతా ఇంట్లో ఉన్న గురువుగారి మీదే పెట్టుకున్నాను.

తర్వాత నాలుగు రోజులు దొడ్లో కడిగాను. కలపడం, ఆగడం, తేట వంచడం, మళ్ళీ కలపడం. మిసావో గారు ఆ వైపు రాలేదు, నేనూ ఆవిడతో మాట్లాడలేదు. భోజనం బల్ల మీద పెట్టి వచ్చేసేదాన్ని. శనివారం నాటికి మూడోవంతు దక్కింది. బకెట్టు అడుగున లేత బూడిదరంగు ముద్ద, పైన అద్దంలా తేటనీళ్ళు. వేలు ముంచి చూసుకున్నాను, అదే మెత్తన. ఇసో గారికిచ్చిన మాట మూడోవంతైనా నిలబెట్టానని ఏడుపొచ్చింది.

అప్పుడే ఆవిడ దొడ్లోకి వచ్చారు. ఎంత మిగిలిందని అడిగారు. చెప్పాను.

"పారబొయ్యి," అన్నారు.

నలభై ఒక్క ఏళ్ళుగా పాటించిన వినయం ఎటుపోయిందో తెలియదు. బకెట్టు ఎత్తి ఆవిడ కాళ్ళ దగ్గర దభీమని పెట్టాను.

"ఆ పిల్ల చేత ఎందుకు పోయించారు? మీకు చేతుల్లేవా? అందరి ముందూ దాని మీదకి నెట్టి, పైగా తత్వం చెప్పి చప్పట్లు కొట్టించుకుంటారా? పొయ్యండి, మీ చేత్తోనే పొయ్యండి. చూస్తాను."

ఆవిడ కోప్పడలేదు. దొడ్డిమెట్టు మీద కూర్చున్నారు. అరవై మూడేళ్ళ మనిషి, ఎప్పుడూ నిటారుగా కూర్చునే మనిషి, వీపు వంచేసి కూర్చున్నారు.

"ఆ రోజు మా అమ్మ జాడీ తెచ్చి ఎవరి చేతిలో పెట్టిందో నీకు తెలుసా?" అన్నారు.

తెలియదన్నాను. నిజంగానే ఆ సంగతి ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

"నా చేతిలో. ఎనిమిదేళ్ళు నాకు. మంచులో నిలబెట్టి, కింద పెట్టావంటే చంపేస్తానంది. చలికి వణుకుతున్నాను, జాడీ వెచ్చగా ఉంది. హాయిగా ఉంది, కినుయో. గట్టిగా కావలించుకున్నా. అప్పుడు కోహే పైనుంచి పిలిచాడు. అమ్మని కాదు, నన్ను. వాడికి మెట్లు దిగాలంటే భయం, రోజూ నేనే చెయ్యి పట్టుకుని దింపేదాన్ని. రెండుసార్లు పిలిచాడు. నేను జాడీ కింద పెట్టలేదు."

నేను నిలబడే ఉన్నాను.

"ఏటా నువ్వు ఆ కథ చెబుతావు. పక్కగదిలో కూర్చుని వింటా. బాగా చెబుతావు."

నాకు నిలువునా సిగ్గేసింది. ప్రతి ఎండాకాలం, ఆ గొంతు వణికించడం, పిల్లలు కళ్ళొత్తుకుంటుంటే నాలో పొంగిన గర్వం, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. క్షమించమని అడుగుదామనుకున్నాను. నా నోట్లోంచి వచ్చింది మాత్రం వేరే మాట. పెద్ద గురువుగారికి మాటిచ్చానండీ అన్నాను. ఛీ, ఎంత మొండి ముండని!

ఆవిడ తలూపారు. ఆ బూడిద కథ నీకు తెలుసు కాబట్టే పారబొయ్యమని నీతో చెప్పలేదన్నారు. మరైకెకి ఏమీ తెలియదు, తెలియని చేతులైతే పాపం అంటదనుకున్నానన్నారు. తత్వం సంగతి అడిగితే, వచ్చినవాళ్ళకి చెప్పీ చెప్పీ ఒకరోజైనా తనకి ఒంటబడుతుందేమోనని చూశానన్నారు. ఆ రోజు మనసు తేలికపడిన మాట నిజమేనా అని అడిగాను. కాదు అన్నారు.

తర్వాత లేచి, బకెట్టు తీసుకుని, కందకంలోకి దిగే రాతిమెట్ల దగ్గరికి వెళ్ళారు. ఒక్క అడుగు వేస్తే ఆపగలిగేదాన్ని. బకెట్టు పిడి నాకు అందేంత దూరంలోనే ఉంది. కానీ ఆపే నోరు నాకు లేకుండా పోయింది. ఆవిడ బకెట్టు వంచి మెల్లగా పోశారు. చేతులు వణకలేదు, ఎన్నేళ్ళ సాధన! నీళ్ళు కాసేపు తెల్లబడ్డాయి. అప్పుడే సందర్శకుల పడవ వంతెన కిందనుంచి వచ్చింది. అందులో తెల్లవాళ్ళు మమ్మల్ని చూసి నవ్వుతూ చేతులూపారు. మిసావో గారు అలవాటు కొద్దీ బకెట్టు పక్కన పెట్టి, నడుం వంచి నమస్కారం చేశారు. పడవ వెళ్ళాక బకెట్టు కడిగి, బోర్లించి, లోపలికి వెళ్ళిపోయారు.

ఆదివారం మళ్ళీ ఓడ వచ్చింది, ఈసారి నిప్పు పని ఉంది. మరైకెని పంపి టీ సామాను కొట్లో బూడిద పొట్లాలు తెప్పించాను. మిల్లులో ఆడించిన సరుకు. ఏ ఇంటిదీ కాదు, ఎవరి కథా లేదు. కుంపట్లో పోసి, నిప్పుకి గాలాడేలా చిన్న గరిటెతో కొండలు, లోయలు దిద్దాను. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. బొగ్గులు పేర్చి, పైన ఇనప కెటిల్ పెట్టించి, వెనకగదికి వచ్చి తలుపు సందులోంచి చూస్తూ కూర్చున్నాను.

నిజం చెప్పేస్తాను. ఆ నిప్పు ఆరిపోవాలని కోరుకున్నాను. ఆవిడ బాధ తెలిసి కూడా కోరుకున్నాను. చెడ్డ బూడిద మీద బొగ్గు ఊపిరాడక నల్లబడుతుందని ఇసో గారు చెప్పేవారు. ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. ఇరవైరెండు మంది ముందు కెటిల్ చల్లబడి, మిసావో గారు నా వైపు తిరిగితే చాలు. నలభై ఒక్క ఏళ్ళు నేను ఏం చేశానో అప్పుడు ఒక్కరికైనా తెలుస్తుంది.

మా బూడిద మీద అయితే అతిథులు మిఠాయి తినడం అయ్యేవేళకి కెటిల్‌లో సన్నటి హోరు మొదలయ్యేది. మిసావో గారు మాట్లాడుతున్నారు, కళ్ళు మూసుకోవలసినచోట మూసుకున్నారు. పక్కన మరైకె నా చెయ్యి పట్టుకుంది, వదిలించుకోలేదు. చివరి బల్ల మీద ముసలావిడ మిఠాయి ఆఖరి ముక్క నోట్లో పెట్టుకుంది.

హోరు మొదలైంది. అదే వేళకి, అదే గొంతుతో. తలుపుకి చెవి ఆనించి తేడా కోసం వెతికాను. కొంచెం ఎక్కువో, కొంచెం తక్కువో, ఏదో ఒకటి ఉండకపోతుందా అని వెతికాను. నీళ్ళు చక్కగా మరిగాయి.