ఉయ్యాల కూత

ఎత్తయిన మేడల అద్దాలు తుడిచే ఆ ఇద్దరూ బావా బావమరుదులు. ఒకరినొకరు ఆటపట్టించుకోనిదే వాళ్ళకు పొద్దు గడవదు. డాబా మీది నుంచి తాళ్ళతో వేలాడే పొడుగాటి ఇనుప తొట్టిలో నిలబడి పని చేస్తారు. కంపెనీ వాళ్ళు దానికేదో పెద్ద పేరు పెట్టుకున్నారు గానీ వీళ్ళకది ఉయ్యాల. బరువు మించితే కుయ్యిమని కూస్తుంది, కదలనని మొండికేస్తుంది. ఒక బకెట్ దించేస్తే నోరు మూసుకుంటుంది.

మొదట్లో నాలుగు బకెట్ల నీళ్ళు తీసుకెళ్ళేవారు. తరవాత మూడయ్యాయి, ఇప్పుడు రెండు. బకెట్ దించిన ప్రతిసారీ బావ "నీళ్ళు బరువెక్కుతున్నాయిరా" అనేవాడు. "అవును బావా, నువ్వు మాత్రం పువ్వులా ఉన్నావు" అనేవాడు బావమరిది. ఇద్దరూ పడీపడీ నవ్వుకునేవారు. అంత నవ్వులో బుర్ర పెట్టి ఆలోచించే తీరిక ఎవరికుంటుంది?

ఆ పొద్దున లిఫ్టు దిగి, డాబాకు ఉన్న ఒక్క వరస మెట్లు ఎక్కేసరికే బావకు ఆయాసం వచ్చింది. నీళ్ళ ట్యాంకుకు చేయి ఆనించి నిలబడ్డాడు. బావమరిదికి ముందురోజు అక్క ఫోన్లో అన్న మాట గుర్తొచ్చింది. "మీ బావ గురక సంగతి ఊరంతటికీ తెలుసు. నాకు భయం గురక పెట్టినప్పుడు కాదురా, ఆగినప్పుడు. ఊపిరి కూడా ఆగినట్టుంటుంది. మోచేత్తో పొడిస్తే ఉలిక్కిపడి మళ్ళీ మొదలుపెడతాడు." దానికి తను "పోనీలే అక్కా, అంతసేపైనా నీకు నిద్ర పడుతుంది" అన్నాడు. అక్క నవ్వలేదు. ఆ సంగతి ఇప్పుడు గుర్తొచ్చింది.

"సేఫ్టీ బెల్టు పెట్టుకున్నావా బావా?"

"నీకు నేర్పిందెవడ్రా? నన్నే అడుగుతున్నావా?" అంటూ బావ జాకెట్ జిప్పు మెడదాకా లాక్కున్నాడు. ఎండలో కూడా ఆ జాకెట్ విప్పడం లేదీ మధ్య. బెల్టు ఎప్పుడూ ట్యాంకు వెనక్కి వెళ్ళి తగిలించుకుంటున్నాడు. అదేం సిగ్గో అని బావమరిది దానికీ ఓ జోకు వేశాడు.

ఉయ్యాల దిగింది. నాలుగు అంతస్తుల కింద ఆపి పని మొదలుపెట్టారు. ఈ కొసన బావమరిది, ఆ కొసన బావ. కాసేపటికి ఆ పక్క అద్దం తుడిచే రబ్బరు కర్ర చప్పుడు ఆగింది. బావమరిది తిరిగి చూశాడు. బావ అద్దానికి నుదురు ఆనించి, కర్ర పట్టుకున్న చేయి పట్టుకున్నట్టే ఉండగా, నిలబడే నిద్రపోతున్నాడు. అద్దం అవతల కూర్చున్న గుమస్తా ఒకామె టైపు చేయడం మాని ఆశ్చర్యంగా చూస్తోంది.

"బావా."

బావ ఉలిక్కిపడి లేచి, ఏమీ జరగనట్టు పై అద్దానికి చేయి చాచాడు. బిగుతుగా ఉన్న జాకెట్ జిప్పు ఆ లాగుడుకు ఫట్టున విడిపోయింది. లోపల బెల్టు కనిపించింది. ఛాతీ మీద కలవాల్సిన రెండు పట్టీలూ కలవలేదు. మధ్యలో జానెడు ఖాళీ. ఆ ఖాళీలో ఓ చొక్కా పీలికతో ముడి వేసి ఉంది.

బావమరిది కమ్మీ పట్టుకుని ఆ కొసకు నడిచాడు. తొడల పట్టీలు అసలు పెట్టనే లేదు, జాకెట్ కింద వేలాడుతున్నాయి. లాగి చూశాడు. లాగితే బావ మూలిగాడే గానీ పట్టీ తొడ చుట్టూ అందలేదు. పడితే డాబాకు కట్టిన తాడు బెల్టును పట్టుకుంటుంది. కానీ బెల్టు మనిషిని పట్టుకోదు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"వర్షాలకు ముందు నుంచి," అన్నాడు బావ, కళ్ళు కలపకుండా. "కొత్తది అడిగితే కొలతలు తీస్తారు. తీస్తే పైకి ఎక్కనివ్వరు. గోల చేయకురా."

బావమరిదికి కోపం ముంచుకొచ్చింది. దాని వెనకే భయం వచ్చి కోపాన్ని మింగేసింది. పైకి వెళ్ళిపోవాలి. వెళ్ళాలంటే రెండు కొసల్లో ఉన్న మీటలు ఇద్దరూ ఒక్కసారే నొక్కిపట్టాలి. ఎవరి చేయి జారితే వాళ్ళ వైపు ఆగిపోతుంది, రెండోవైపు లేస్తుంది. పక్కన ఉండి పట్టుకునే వీలు లేదు. బావ కళ్ళు చూస్తే అప్పుడే మళ్ళీ మూతలు పడుతున్నాయి.

"బావా, నన్ను తిట్టు."

"ఏంటి?"

"తిట్టు. డాబా చేరేదాకా ఆపకూడదు."

తిట్టడంలో బావకు పెట్టింది పేరు. బావమరిది తన కొసకు వచ్చి మీట నొక్కాడు. ఉయ్యాల కదిలింది. "దద్దమ్మా," అని మొదలుపెట్టాడు బావ. "మీ అక్క మొహం చూసి నిన్ను పనిలో పెట్టించాను. బకెట్ పట్టుకోవడం కూడా రాని వెధవ్వి. నా బండి తీసుకెళ్ళి అద్దం పగలగొట్టింది ఎవడ్రా?"

"నేనే బావా. ఇంకా."

"మా పెళ్ళిలో నా చెప్పులేసుకుని..." బావ గొంతు నెమ్మదించింది. "నా చెప్పులు..."

మాట ఆగింది. వేలు మీట మీంచి జారింది. ఆ కొస నిలిచిపోయి ఈ కొస లేచింది. ఉయ్యాల ఒరిగింది, బకెట్ ఒకటి జారుకుంటూ వెళ్ళి బావ కాళ్ళకు తగిలింది. బావ మోకాళ్ళు వంగాయి. బావమరిది మీట వదిలేసి, చేతికందిన తడిగుడ్డ బావ ముఖం మీదికి విసిరి కొట్టాడు. అదృష్టం, గురి తప్పలేదు.

బావ కళ్ళు తెరిచాడు. ఒరిగిన ఉయ్యాలనూ కాళ్ళ దగ్గరి బకెట్‌నూ చూశాడు. మొదటిసారి అతని ముఖంలో కూడా భయం కనిపించింది. కమ్మీని రెండు చేతులా కౌగిలించుకున్నాడు.

"నీ వైపు సమం చేయి బావా. చెప్పుల సంగతి పూర్తి చేయి."

బావ మీట నొక్కాడు. ఉయ్యాల సమానమైంది. బావ తిడుతూనే ఉన్నాడు, ఆ తిట్లలో ఏడుపు కలిసిపోయింది. డాబా చేరాక ఇద్దరూ గచ్చు మీద కూలబడ్డారు. బావ అన్నాడు, "సూపర్వైజరుకు చెప్పకు. నీ కాళ్ళు పట్టుకుంటాను."

"చెబుతాను," అన్నాడు బావమరిది. వెళ్ళి చెప్పేశాడు.

సూపర్వైజరు బావను ఆ క్షణం నుంచే ఉయ్యాల ఎక్కనివ్వలేదు. డాక్టరు కాగితం తెచ్చేదాకా కింద గోదాములో పని చూసుకోమన్నాడు, తరవాత ఏమవుతుందో తనకూ తెలీదన్నాడు. బావకు కోపం తగ్గలేదు. బావమరిది ఇంటికొస్తే లేచి అవతలి గదిలోకి వెళ్ళిపోయేవాడు. చివరికి అక్కే ఇద్దరినీ ఆటోలో కూర్చోబెట్టి ఆసుపత్రికి పంపింది, దారిలో ఎవరూ దిగిపోకూడదని డ్రైవరుకు కూడా చెప్పి.

ఆటోలో బావ బయటికి తల తిప్పుకుని, "నన్ను నలుగురిలో అల్లరిపాలు చేశావు," అన్నాడు. "ఒక్క మాట నాకు చెబితే సరిపోయేది కదా."

"ఉయ్యాల రోజూ చెబుతూనే ఉంది బావా. మనమే బకెట్లు దించి దాని నోరు మూయించాం. నేనైతే జోకులు కూడా వేశాను. అక్క భయపడుతూ చెబితే దానికీ జోకు వేశాను."

డాక్టరమ్మ ముందు నడుము కొలిచింది, తరవాత మెడ కొలిచింది. మెట్లెక్కితే ఆయాసమా, పగలు నిద్ర ముంచుకొస్తుందా, నిద్రలో ఊపిరి ఆగుతుందని ఇంట్లో ఎవరైనా అన్నారా అని అడిగింది. బావ ఒక్కోదానికి తల ఊపుతూ పోయాడు. ఎవరో చాటున నిలబడి తమ డాబా మీద జరిగిందంతా చూసి చెప్పినట్టు అనిపించింది బావమరిదికి.

"రాత్రి నిద్రలో ఊపిరి పరీక్ష ఒకటి చేద్దాం. ముందు బరువు చూడాలి, ఎక్కండి," అందామె.

బావ గోడ పక్కనున్న మిషన్ దగ్గరికి వెళ్ళాడు. చెప్పులు విడిచాడు. జేబులోంచి తాళాలు తీసి బల్ల మీద పెట్టాడు. తరవాత ఫోను పెట్టాడు. వాచీ విప్పాడు. జాకెట్ జిప్పు లాగబోతూ బావమరిది వైపు చూశాడు.

బావమరిది ఈసారి జోకు వేయలేదు, నవ్వలేదు కూడా. కళ్ళనిండా నీళ్ళతో చూస్తూ నిలబడ్డాడు.

బావ జిప్పు వదిలేశాడు. "ఇక బకెట్లు దించడం చాలురా," అని, తాళాలూ ఫోనూ మళ్ళీ జేబులో వేసుకుని, బావమరిది భుజం పట్టుకుని మిషన్ ఎక్కాడు. ఎక్కాక ఆ భుజం మీది చేయి కూడా తీసేశాడు.