అత్తగారి ఎడమ కాలు

ఆ డ్రైవింగ్ స్కూల్లో నేర్పేవాళ్లు ఇద్దరే. ఒకరు ముక్కోపి మాస్టారు. ఆయన కారులోంచి కళ్లు తుడుచుకోకుండా దిగినవాళ్లు లేరు. రెండో మనిషి టీచరమ్మ. ఇరవై రెండేళ్లుగా గేరు బండి నేర్పుతోంది. ఆవిడ పక్కన కూర్చుంటే కుదుపన్నదే ఉండదని పేరు. నిన్నగాక మొన్న చేరినవాళ్లు కూడా, వెనక సీట్లో పసిబిడ్డ నిద్రపోతున్నట్టు మెత్తగా బండి కదిలిస్తారు.

చిక్కంతా పరీక్షల దగ్గరే. ముక్కోపి మాస్టారి శిష్యులు మొదటిసారే గట్టెక్కుతారు. టీచరమ్మ శిష్యులు రెండు మూడు దండయాత్రలు చేస్తే గానీ ఒడ్డున పడరు. కొందరు అసలు పడరు. "ఆ పరీక్షలు పెట్టేవాళ్లకి నేనంటే గిట్టదు" అని టీచరమ్మ సర్దిచెప్పుకునేది. ఆడలేక మద్దెల ఓడన్నట్టుందని ముక్కోపి మాస్టారు ఒకసారి అనబోయి, ఆవిడ చూపు చూసి ఆ మాటని టీతో పాటు మింగేశారు.

పరాయివాళ్లు పరీక్ష తప్పితే సర్దిచెప్పుకోవచ్చు. ఈసారి తప్పింది సొంత కోడలు. అదీ రెండుసార్లు.

కోడలు ఆసుపత్రి ల్యాబులో పని చేస్తుంది. నేల కింద, కిటికీ లేని గదిలో, రక్తం సీసాలకి చీటీలు అంటించే పని. ఆరేళ్లయింది. బయట ఎండగా ఉందా, వాన పడుతోందా అని మొగుడికి ఫోన్ చేసి కనుక్కునే బతుకు. చుట్టుపక్కల చిన్న క్లినిక్కుల నుంచి ఆ సీసాలు తెచ్చే వ్యాను డ్రైవరు ఈ నెలాఖరుకి రిటైరవుతున్నాడు. ఆ పని నాకివ్వండని కోడలు అడిగింది. ఇస్తామన్నారు. కాకపోతే అది గేరు వ్యాను, కోడలి లైసెన్సేమో ఆటోమేటిక్ బండికి. శుక్రవారం నాడు మూడో పరీక్ష. అందులోనూ తప్పితే ఆ వ్యాను వేరే ఎవరికో వెళ్తుంది, కోడలు మళ్లీ ఆ గదిలోకే వెళ్తుంది.

"మీ పక్కన కూర్చుంటే అన్నీ వచ్చినట్టే ఉంటుంది అత్తయ్యా" అంది కోడలు, సోమవారం రాత్రి భోజనాల దగ్గర. "ఆ పరీక్షాయన పక్కన కూర్చోగానే నా కాళ్లకి మతిమరుపు వచ్చేస్తోంది. ఎత్తు మీద బండి ఆగిపోతుంది, లేదా వెనక్కి జారుతుంది. నాకీ యోగం లేదేమో. ఆ పని వద్దని చెప్పేస్తాను."

"అత్తాకోడళ్లిద్దరూ ఒకే కారులో నలభై గంటలు కూర్చుని, ఇంకా మాట్లాడుకుంటున్నారంటే అదే పెద్ద లైసెన్సు" అన్నాడు కొడుకు.

ఎవరూ నవ్వలేదు. కోడలు కంచం తీసుకుని లేచింది. కాసేపటికి బాత్రూంలో కుళాయి తిప్పిన చప్పుడు వినిపించింది. అది చాలాసేపు ఆగలేదు.

మంగళవారం టీచరమ్మ నేర్పే స్కూలు కారు సర్వీసుకి వెళ్లింది. ఆ కారులో నేర్చుకునేవాళ్ల వైపు ఒక క్లచ్చు, ఒక బ్రేకు ఉన్నట్టే, నేర్పేవాళ్ల వైపూ ఒక జత ఉంటుంది. రెండింటికీ లోపల లంకె. ఒకటి నొక్కితే రెండోదీ దిగుతుంది. మెకానిక్కు రెండు క్లచ్చు పెడళ్ల రబ్బర్లూ ఊడదీసి బల్ల మీద పక్కపక్కన పెట్టాడు.

"టీచరమ్మా, ఒక మాట అడుగుతాను. మీరు కోప్పడకూడదు."

"కోప్పడే మాటైతే ముందే చెప్పు. కూర్చుని కోప్పడతాను."

"ఇది నేర్చుకునేవాళ్ల వైపు రబ్బరు. చూడండి, గీతలన్నీ ఉన్నాయి. ఇది మీ వైపుది. అరిగిన సబ్బుముక్కలా ఉంది. ఇప్పటికి మూడుసార్లు మార్చాను మీది. ఆ మాస్టారి కారులో అంతా తలకిందులు. ఆయన వైపుది కొత్తదానిలా ఉంటుంది, పిల్లల వైపుది అరిగిపోతుంది." అతను గొంతు తగ్గించాడు. "మీ బండి నడిపేది అసలు ఎవరండీ?"

"నీ పని రబ్బర్లు మార్చడం. పురాణాలు చెప్పడం కాదు" అని కసిరి టీచరమ్మ బయటికొచ్చేసింది. కానీ ఆ మాట చెవిలో జోరీగలా రొద పెడుతూనే ఉంది.

బుధవారం మధ్యాహ్నం కోడలు స్టీరింగు ముందు కూర్చుంది. టీచరమ్మ పక్క సీట్లో కూర్చుని, ఎప్పుడూ లేనిది, రోడ్డు చూడటం మానేసి తన కాలినే చూసుకుంది. సిగ్నల్ దగ్గర పచ్చ దీపం వెలిగింది. కోడలు కంగారుగా క్లచ్చు వదిలేసింది. బండి ఎగిరిపడాల్సిన క్షణం అది. ఎగిరిపడలేదు. టీచరమ్మ ఎడమ కాలు, ఆవిడనొక మాట అడక్కుండానే, ముందుకి వెళ్లి పెడల్ని సగంలో పట్టుకుంది. తర్వాత నెమ్మదిగా వదిలింది. బండి నూనె రాసినట్టు కదిలింది.

తర్వాతి మలుపులో అంతే. ఆ పై సిగ్నల్లోనూ అంతే. ఒక్క వీధిలో తొమ్మిదిసార్లు లెక్కపెట్టింది. కోడలు తనే నడుపుతున్నానని అనుకుంటోంది. ఇరవై రెండేళ్లుగా ఆ సీట్లో కూర్చున్న ప్రతి ఒక్కరూ అలాగే అనుకున్నారు. టీచరమ్మా అలాగే అనుకుంది. ఆవిడకి నిలువెల్లా సిగ్గేసింది.

ఒక ఉపాయం లేకపోలేదు. ఈ రెండు రోజులూ కోడల్ని ముక్కోపి మాస్టారి దగ్గరికి పంపిస్తే గుట్టు గుట్టుగానే ఉంటుంది, పనీ అయిపోతుంది. కోడలి ముందు తప్పొప్పుకోవడం కన్నా ఆ మాస్టారి కాళ్లు పట్టుకోవడమే నయమని కూడా అనిపించింది. కానీ ఆ పిల్ల తన కాళ్లు తనకి ద్రోహం చేశాయని నమ్ముతోంది. అలా నమ్ముతూనే బతికేస్తుంది.

"పక్కకి తీసి ఆపు" అంది టీచరమ్మ.

కోడలు గోడౌన్ల వెనక ఖాళీ వీధిలో ఆపింది.

"నీ కాళ్లకి ఏ రోగమూ లేదే అమ్మాయ్. ఉన్న రోగమంతా నా కాలిదే." జరిగిందంతా ఉన్నదున్నట్టు చెప్పేసింది.

కోడలు ఇంజను ఆపేసింది. "అంటే నలభై గంటలూ బండి నేను నడపలేదా?"

"సగం నడిపావు."

"రెండుసార్లు తప్పాను అత్తయ్యా. మీ అబ్బాయికి వినపడకూడదని కుళాయి తిప్పుకుని మరీ ఏడ్చాను."

"తెలుసు. నీళ్ల చప్పుడు విన్నాను. విని కూడా, ఆ పరీక్షాయన్నే తిట్టుకున్నాను." టీచరమ్మ కోడలి వైపు తిరిగింది. "నువ్వు నన్ను తిట్టుకో. తర్వాత బండి తియ్యి. ఇంకా రెండు రోజులుంది."

కోడలు తిట్టలేదు. తిడితే బాగుండునని టీచరమ్మకి అనిపించింది. "మీ కాలు ఊరుకుంటుందా మరి?" అని మాత్రం అడిగింది.

టీచరమ్మ చెప్పులు విప్పేసి, రెండు కాళ్లూ సీటు మీదికి లాక్కుని, బాసింపట్టు వేసుకుని కూర్చుంది. బెల్టు బిగించింది. "ఇప్పుడు నడుపు."

కారు కప్పలా గెంతి ఆగిపోయింది. మళ్లీ గెంతింది, మళ్లీ ఆగింది. పదకొండుసార్లు. గోడౌన్ వాచ్‌మన్ కుర్చీ తెచ్చుకుని మరీ కూర్చున్నాడు. పన్నెండోసారి బండి గెంతకుండా కదిలి, వీధి చివరిదాకా వెళ్లింది. వాచ్‌మన్ లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు.

గురువారం రైలు వంతెన ఎక్కారు. ఎత్తు మధ్యలో ఎర్ర దీపం. వెనక రొట్టెల వ్యాను వచ్చి అంటుకున్నట్టు ఆగింది. పచ్చ పడింది. కోడలు క్లచ్చు వదిలింది, ఇంజను ఆగిపోయింది, కారు ఒక జానెడు వెనక్కి జారింది. రొట్టెలాయన హారన్ మోగించి తల బయటపెట్టాడు.

"అమ్మా, నా రొట్టెల్ని మళ్లీ పిండి చేసేస్తారా ఏంటి!"

టీచరమ్మ ఎడమ కాలు కిందికి దిగబోయింది. ఆవిడ దాని మీదే కూర్చుంది. చేతులు హ్యాండ్ బ్రేకు వైపు పోతుంటే వాటిని చంకల్లో పెట్టుకుంది. అరవాలనిపించినా పెదవి కొరుక్కుని ఊరుకుంది.

కోడలు బ్రేకు తొక్కింది. హ్యాండ్ బ్రేకు లాగింది. స్టార్టు చేసింది. క్లచ్చుని వెంట్రుకవాసి చొప్పున వదులుతూ చెవి ఒగ్గింది. ఇంజను గొంతు బరువెక్కింది, కారు ముక్కు కాస్త పైకి లేచింది. అప్పుడు హ్యాండ్ బ్రేకు వదిలింది. కారు ఒక అంగుళం కూడా వెనక్కి పోకుండా వంతెన ఎక్కేసింది.

"అత్తయ్యా! చూశారా! నేనే!"

టీచరమ్మ కళ్లు ధారగా కారుతున్నాయి. ఆవిడకి చెప్పలేనంత సంతోషంగా ఉంది.

"ఏమైందండీ?"

"కాలు తిమ్మిరెక్కిందే. ముందు చూసి నడుపు."

శుక్రవారం నలభై నిమిషాల పాటు టీచరమ్మ పరీక్షల ఆఫీసు బయట బల్ల మీద కూర్చుంది. కారు తిరిగొచ్చింది. పరీక్షాయన మొహంలో ఏమీ కనిపించనివ్వకుండా దిగి లోపలికెళ్లాడు. కోడలు మాత్రం స్టీరింగు పట్టుకుని అలాగే కూర్చుంది. టీచరమ్మ కారు దగ్గరికి వెళ్లింది.

"ఎత్తు మీద ఒకసారి ఆగిపోయింది అత్తయ్యా."

టీచరమ్మ కిటికీ అంచు పట్టుకుంది. "తర్వాత?"

"తర్వాతేముంది, నేనే స్టార్టు చేశాను. నేనే ఎక్కించాను." ఒళ్లో కాగితం తీసి చూపించింది. పాసైంది. అత్తాకోడళ్లిద్దరూ కారు కిటికీలోంచే ఒకరినొకరు పట్టుకున్నారు.

ఆ సాయంత్రం ఇంట్లో అందరూ కోడలి చుట్టూ చేరి, సోమవారం వ్యాను ఎక్కడెక్కడికి తిరగాలో గోడ మీద పటం అంటించి చూస్తున్నారు. టీచరమ్మ పక్క గదిలోకి వెళ్లి స్కూలు పాత రిజిస్టర్లు ముందేసుకుంది. కొన్ని పేర్ల ఎదురుగా ఆవిడ చేతిరాతతోనే 'మానేశారు' అని ఉంది. ఒక పేరు దగ్గర వేలు ఆగింది. బట్టలు కుట్టే ఆవిడ. మూడుసార్లు తప్పి, "మీకు చాలా శ్రమ ఇచ్చాను టీచరమ్మా, క్షమించండి" అని చెప్పి మరీ మానేసిన మనిషి. ఆ రోజు టీచరమ్మ ఆ క్షమాపణని పెద్దమనసుతో పుచ్చుకుంది కూడా.

ఫోన్ తీసి నంబరు నొక్కింది.

"నేనమ్మా, డ్రైవింగ్ టీచరమ్మని. గుర్తున్నానా?"

"అయ్యో, అదేం మాటండీ! మిమ్మల్ని ఎంత విసిగించానో నాకు తెలీదూ?" వెనక కుట్టుమిషను చప్పుడు.

"విసిగించింది మీరు కాదు. ఒక నిజం చెప్పాలి మీకు." టీచరమ్మ కాలి సంగతంతా చెప్పింది. ఏదీ దాచలేదు.

కుట్టుమిషను ఆగిపోయింది.

"అంటే... నాకు బండి వచ్చా?"

"సగం వచ్చు. మిగతా సగం నేను రానివ్వలేదు."

"తొమ్మిదేళ్లండీ." ఆ గొంతులో కోపమే ఉందో, ఏడుపే ఉందో తెలియలేదు. "తొమ్మిదేళ్లుగా మా ఇంట్లో ఇదే నవ్వులాట. కత్తెర తప్ప ఇంకేదీ నడపలేనని."

టీచరమ్మ రిజిస్టరు మూసేసింది. "ఆదివారం పొద్దున్న ఏడింటికి రాగలరా?" అని అడిగింది.

"ఆరింటికే వస్తాను."